చెత్త పోసే గోడకు బొమ్మలు: రంగు ఎంత, నిలవాలంటే ఎలా?

హైదరాబాద్‌లో మా కాలనీ మలుపులో 30 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ప్రహరీ. సున్నం కొట్టిన పాత గోడ. కింద చెత్త, మూలన మూత్రం. బొమ్మలు వేయిద్దామనుకుంటున్నాం. రంగు ఎంత పడుతుంది? వానకు ఊడకుండా ఏం చేయాలి? కొందరు దేవుళ్ల బొమ్మలే వేయమంటున్నారు, వేయొచ్చా?

జవాబు 1
ముందు గోడను అరచేత్తో రుద్ది చూడండి. తెల్లపొడి అంటితే ఎంత ఖరీదైన రంగు వేసినా సున్నంతో సహా పెచ్చులుగా లేచొస్తుంది. వైరు బ్రష్‌తో సిమెంటు కనిపించేదాకా గీకించాలి.

మూత్రం పడే చోట అసలు శత్రువు ఉప్పు. గోడలోకి ఇంకి, తడి ఆరేటప్పుడు తెల్లగా పైకొచ్చి రంగును వెనకనుంచి నెట్టేస్తుంది. ఆ మూలను రెండుమూడుసార్లు నీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వండి. ప్లాస్టరు గుల్లబారితే కొట్టేసి కొత్తది వేయించండి, 28 రోజులు ఆగాకే రంగు. చెమ్మగోడకు పుట్టీ వద్దు, బుడగలొస్తుంది.

మీది 180 చదరపు అడుగులు: ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) 2 లీటర్లు, బయటిగోడల ఎమల్షన్ (నీళ్లలో కలిపే రంగు) రెండు పూతలకు 4 లీటర్లు, బొమ్మలకు నాలుగైదు రంగులు లీటరు చొప్పున. కింది అడుగున్నర ముదురు రంగు వేస్తే వాన చిందించే బురద కనపడదు. సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి.

జవాబు 2
దేవుళ్ల బొమ్మలు వద్దండి. చెత్త ఆగదు, బొమ్మ లేని పక్క గోడకు జరుగుతుంది. ఎవరైనా ఉమ్మితే గొడవ. గోడ కన్నా కింది నేల ముఖ్యం: ఒకే రోజు మొత్తం ఎత్తించి, కడిగి, రోజూ పొద్దున్నే ముగ్గు వేయించండి. మొదటి సంచి పడ్డ గంటలోపే తీసేయాలి, ఒకటి కనిపిస్తే పదొస్తాయి. చెత్త ఆటో వచ్చే వేళ గోడ మీద పెద్ద అంకెల్లో రాయించండి. ఆటో వేళ తప్పితే ఏ బొమ్మా పనిచేయదు.

జవాబు 3
దగ్గర్లో చెత్తడబ్బా ఉంటే నేల మీద దాని వైపు నడిచినట్టు ఆకుపచ్చ పాదముద్రలు వేయించండి. కోపెన్‌హాగెన్‌లో పరిశోధకులు దారిన పోయేవాళ్లకు కాగితం చుట్టిన కారమెల్ మిఠాయిలు పంచి, పడేసిన కాగితాలు లెక్కపెట్టారు. పాదముద్రలు వేశాక 46 శాతం తగ్గాయి. అయితే రోడ్డుకు ఎమల్షన్ పనికిరాదు, టైర్లకు అరిగిపోతుంది. రోడ్డు గీతలకు వాడే రంగే కొనండి. పాత ఫ్లెక్సీలో పాదం ఆకారం కత్తిరించి అచ్చుగా పెట్టి, స్పాంజితో పలచగా అద్దండి. బ్రష్‌తో వేస్తే రంగు అచ్చు కిందికి పాకి అంచులు చెదిరిపోతాయి.