పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది: నిధుల నిర్వహణలో విశ్వవిద్యాలయం బాధ్యత ఎంత?

ప్రశ్న (సహాయాచార్యులు, రసాయనశాస్త్రం):

అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాను. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ నుంచి మూడేళ్ల ప్రాజెక్టు మంజూరైంది. మంజూరు ఉత్తర్వులో పరికరాలు, రసాయనాలు, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ఫెలోషిప్, ప్రయాణాలు, ఓవర్‌హెడ్ (విశ్వవిద్యాలయం నిర్వహణ ఖర్చుల భాగం) అని పద్దులు విడివిడిగా చూపించారు. మా దగ్గర పరిశోధన వ్యవహారాలు చూసే ప్రత్యేక కార్యాలయం లేదు. ఒక సాల్వెంట్ డ్రమ్ము కొనాలన్నా ఫైలు విభాగాధిపతి నుంచి ప్రిన్సిపాల్‌కు, అక్కడి నుంచి రిజిస్ట్రార్‌కు, ఆపైన ఫైనాన్స్ ఆఫీసర్‌కు వెళ్లి అదే దారిలో తిరిగి రావాలి. ఖర్చులకు జవాబుదారీ ఎవరు? ఓవర్‌హెడ్ సొమ్ములో మా ప్రయోగశాలకు ఏమైనా దక్కుతుందా? రెండో విడత గ్రాంటు ఆలస్యమైతే విద్యార్థికి ఫెలోషిప్ ఎలా ఇవ్వాలి? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఫైనాన్స్ ఆఫీసర్):

అభినందనలు, మాస్టారూ. గ్రాంటు పొందేది మీ పేరుతో విశ్వవిద్యాలయమే కాబట్టి పరికరాలు విశ్వవిద్యాలయం స్టాక్ రిజిస్టరులోకే ఎక్కుతాయి. లెక్క తేడా వస్తే మాత్రం మొదటి సంజాయిషీ మీరే ఇవ్వాలి. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం వినియోగ ధ్రువపత్రం (యూసీ) 12-ఏ నమూనాలో పంపాలి. ప్రాజెక్టు యూసీల మీద మీరు, ఫైనాన్స్ ఆఫీసర్, సంస్థ అధిపతి ముగ్గురూ సంతకాలు చేస్తారు. పరికరాల వంటి మూలధన ఖర్చుకూ, మిగతా ఖర్చులకూ లెక్కలు వేరుగా చూపాలి. ముందస్తు అనుమతి లేకుండా పరికరాల సొమ్మును రసాయనాలకు మళ్లిస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా మీది కాదు, దానిని కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి జమ చేయాలి.

ఇంకొక సంగతి. పూర్వం ఏడాది సొమ్మంతా విశ్వవిద్యాలయం ఖాతాలోకి వచ్చి నిలవ ఉండేది. ఇప్పుడు కేంద్ర పథకాల్లో చాలావాటికి సున్నా నిల్వ ఖాతాలు తెరిపించి, ఖర్చు పెట్టుకోవడానికి ఒక పరిమితి మాత్రమే ఇస్తున్నారు. ట్రెజరీ సింగిల్ అకౌంట్ అనే ఈ పద్ధతిలో వాడని పరిమితి మార్చి 31తో రద్దవుతుంది. అందుకే ఫిబ్రవరిలో ఇండెంటు పెట్టి మార్చి నెలాఖరుకు బిల్లు అవుతుందని ఆశించవద్దు. పెద్ద పరికరం ఉంటే దాని స్పెసిఫికేషన్లు ఈ వారమే రాసి కొనుగోలు కమిటీ వేయించండి.

జవాబు (ఆచార్యులు, కేంద్రీయ విశ్వవిద్యాలయం):

పైన పెద్దలు చెప్పిన నిబంధనలతో ఏకీభవిస్తున్నాను. అయితే అసలు లోపం వేరే చోట ఉందని నా అభిప్రాయం. ఓవర్‌హెడ్ అంటే కరెంటు, నీరు, గది, లెక్కలు చూసే సిబ్బంది కోసం నిధులిచ్చే సంస్థ విశ్వవిద్యాలయానికి ఇచ్చే భాగం. చాలా చోట్ల అది సాధారణ నిధిలో కలిసిపోయి, ప్రాజెక్టు తెచ్చిన విభాగంలో యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి కూడా అందదు. పరిశోధన, అభివృద్ధి విభాగం ఏర్పాటు చేయమని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. బోర్డు పెట్టి ఒక ఆచార్యుడికి డైరెక్టరుగా అదనపు బాధ్యత అప్పగించినంత మాత్రాన ఆ విభాగం ఏర్పడినట్టు కాదు. కొనుగోలు నిబంధనలు తెలిసిన ఒక అకౌంటెంటు, యూసీల గడువులు గుర్తుపెట్టుకునే ఒక సహాయకుడు ఉంటే, ప్రయోగాలు చేయవలసిన అధ్యాపకుడు బిల్లులు పట్టుకుని పరిపాలనా భవనం మెట్లెక్కే అవసరం తప్పుతుంది. ఈ ఇద్దరి జీతాలు ఓవర్‌హెడ్ నుంచే ఇవ్వడం న్యాయం.

2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పరిశోధన కోసం చేసే కొనుగోళ్ల నిబంధనలను సడలించి, కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సాధారణంగా తమ సొంత కొనుగోలు నిబంధనలను పాటిస్తాయి కనుక, మీ దగ్గర ఏది వర్తిస్తుందో ఫైనాన్స్ ఆఫీసర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం ఆడిట్ సమయంలో మిమ్మల్ని కాపాడుతుంది.

జవాబు (పరిశోధక విద్యార్థిని):

సర్, మూడో ప్రశ్న గురించి విద్యార్థుల వైపు నుంచి ఒక మాట. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. కాగితం మీద ఇది మంచి మొత్తమే. కానీ విడత ఆగినప్పుడు నెలల తరబడి ఏమీ రాదు, హాస్టల్ మెస్ బిల్లు మాత్రం ఆగదు. ఇంట్లో అడగలేని పిల్లలు అప్పు చేస్తారు, లేదా సాయంత్రాలు కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెబుతారు. దయచేసి చేరే రోజునే మీ విద్యార్థికి డబ్బు ఏ నెలల్లో ఆలస్యం కావచ్చో చెప్పండి.

జవాబు (విశ్రాంత ఫైనాన్స్ ఆఫీసర్):

ఈ అమ్మాయి చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. దీనికి మార్గం ఉంది. ఓవర్‌హెడ్ నుంచి ఒక చక్రీయ నిధి ఏర్పాటు చేసి, విడత ఆలస్యమైనప్పుడు ఫెలోషిప్‌లు అందులోంచి అడ్వాన్సుగా చెల్లించి, గ్రాంటు రాగానే సర్దుబాటు చేసుకోవచ్చు. దీనికి పాలక మండలి తీర్మానం కావాలి. ఒక్కరే అడిగితే ఫైలు పక్కన పడుతుంది కాబట్టి, ప్రాజెక్టులున్న అధ్యాపకులందరూ కలిసి సంతకాలు చేసి, ఏటా వస్తున్న ఓవర్‌హెడ్ ఎంతో, అందులో ఫెలోషిప్‌ల అడ్వాన్సుకు ఎంత చాలునో ఒక పేజీలో లెక్క జతచేసి ఉపకులపతికి ఇవ్వండి. ఆ లెక్క వేయడానికి అంకెలు ఫైనాన్స్ విభాగంలో ప్రాజెక్టుల లెడ్జరులో దొరుకుతాయి, చూపించమని అడిగే హక్కు మీకుంది.