ఓడలు బండ్లు ‘అవుతాయా’, బండ్ల మీద ‘వస్తాయా’?

ప్రశ్న: మా బంధువుల్లో ఒకాయనకు ఈమధ్య వ్యాపారం బాగా కలిసొచ్చింది. “ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయంటే ఇదే” అని ఫ్యామిలీ గ్రూపులో రాశాను. ఒక పెద్దాయన కోప్పడ్డారు. చెడిపోయినవాళ్ల గురించే ఆ మాట అనాలట. నిజమేనా? అసలు ఓడ బండి ఎలా అవుతుంది?

జవాబు: సామెతలోనే రెండు వైపులూ ఉన్నాయి కదండీ. మనం మాత్రం ఎవరైనా చితికిపోయినప్పుడే దాన్ని బయటికి తీస్తాం, అందుకని మీ పెద్దాయనకు అలా అనిపించి ఉంటుంది.

ఇక సుమతీ శతకంలో ఉన్న పద్యం చూడండి. అందులో ‘అవుతాయి’ అన్న మాటే లేదు. ఓడల మీద బండ్లు వస్తాయి, బండ్ల మీద ఓడలూ వస్తాయి, కలిమిలేములు కూడా అలాగే అని దాని భావం. ఒకటి ఇంకొకటిగా మారిపోవడం కాదు, నీళ్లలో ఇది దాన్ని మోస్తుంది, నేల మీద అది దీన్ని మోస్తుంది. నర్సాపురం రేవులో బండ్లను గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్లకు మొదటి సగం వివరించక్కర్లేదు.

నాకు మాత్రం ఈ పద్యం వింటే విక్టరీ గుర్తొస్తుంది. 18వ శతాబ్దపు ఇంగ్లిషు యుద్ధనౌక. 1759 జూలైలో చాథమ్ రేవులో పని మొదలైంది. నమూనా గీసింది థామస్ స్లేడ్. సుమారు 6,000 చెట్లు కొట్టారు, అందులో ఎక్కువ భాగం ఓక్. అస్థిపంజరం నిలబెట్టాక మధ్యలో యుద్ధం ముగిసింది, తొందర పోయింది, కొయ్య ఏళ్ల తరబడి గాలికి ఆరింది. అది ఇన్నాళ్లు నిలవడానికి ఆ ఆలస్యమూ ఒక కారణం అంటారు. 1765 మే 7న నీళ్లలోకి దింపారు. దింపి ఏం చేశారు? పక్కన కట్టేశారు. 1778లో ఫ్రాన్సుతో మళ్లీ యుద్ధం వచ్చేదాకా, అంటే పదమూడేళ్లు, దాంతో పనే పడలేదు. పేరు మీద కూడా కొందరికి అనుమానమే, ఎందుకంటే అదే పేరున్న పాత ఓడ 1744లో మనుషులందరితో సహా మునిగిపోయింది.

తరవాత దశ తిరిగింది. కెపెల్, హౌ, జెర్విస్ లాంటి అడ్మిరల్స్ దాని మీదే జెండా ఎగరేశారు, అంటే తమ నౌకాదళాన్ని దాని మీది నుంచే నడిపారు. 1797 ఫిబ్రవరిలో సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర స్పెయిన్ నౌకాదళాన్ని ఓడించిన జెర్విస్ ఉన్నది ఇందులోనే. అదే ఏడాది డిసెంబరుకల్లా “ఇది ఇక యుద్ధానికి పనికిరాదు, జబ్బుపడ్డ ఖైదీలకు ఆసుపత్రిగా మార్చండి” అని ఉత్తర్వు! పది నెలల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి. ఇక్కడితో ఆగితే మీ పెద్దాయన మాటే నెగ్గేది. కానీ 1799లో ఇంప్రెగ్నబుల్ అనే పెద్ద ఓడ ఒడ్డుకు కొట్టుకుని పాడైంది, దాని బదులు ఒకటి కావాలి. మూల పడ్డ విక్టరీని బయటికి లాగి 1800 నుంచి 1803 వరకు బాగుచేశారు. మొదట కట్టడానికి 63,176 పౌన్లు అయితే ఈ రిపేరుకి 70,933 పౌన్లు. ఆ రిపేరైన ఓడే 1805 అక్టోబరు 21న ఫ్రాన్సు, స్పెయిన్‌ల మీద జరిగిన ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో ఇంగ్లిషు అడ్మిరల్ నెల్సన్ జెండా ఓడ.

ఒక సభ్యుడు: మాస్టారూ, కథ బాగుంది కానీ ఇందులో కలిమిలేములే కనిపిస్తున్నాయి. బండి ఏదీ?

జవాబు: ఫిరంగులన్నీ బండ్ల మీదే కదండీ! ట్రఫాల్గర్ నాటికి దాని మీద 104 ఫిరంగులున్నాయి. అన్నిటికన్నా కింది అంతస్తులో ఉన్నవాటిలో ఒక్కో ఫిరంగి బరువు రెండున్నర టన్నుల పైమాటే, గుండు బరువు 32 పౌన్లు, అంటే దాదాపు పద్నాలుగున్నర కిలోలు. ప్రతిదీ నాలుగు చిన్న కొయ్య చక్రాల బండి మీద ఉంటుంది. పేల్చగానే బండి వెనక్కి తంతుంది, అడ్డంగా కట్టిన లావుపాటి తాడు దాన్ని ఆపుతుంది. మళ్లీ మందు కూరి, గుండు వేసి, డజను మంది దాకా తాళ్లు పట్టి ముందుకు లాగుతారు. తుఫానులో తాడు తెగి బండి వదులైందంటే శత్రువు అక్కర్లేదు, అదే చాలు. ఓడల మీద బండ్లు అంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఒక సభ్యురాలు: పద్యం రాసిన ఆయన మనసులో ఉన్నది ఎద్దుబండే అయి ఉంటుంది, ఫిరంగి బండి కాదు.

జవాబు: సందేహమే లేదమ్మా. నేను పద్యానికి అర్థం మార్చడం లేదు, దానికో ఉదాహరణ చూపిస్తున్నాను. రెండో సగానికి ఇంకా గట్టిది ఉంది. ట్రఫాల్గర్‌లో నెల్సన్ చనిపోయాడు. ఆ రోజు విక్టరీ మీద అతనితో కలిపి 57 మంది పోయారు. చుక్కాని తిప్పే చక్రం పగిలిపోతే కింద మనుషులే చుక్కానిని లాగి ఓడ నడిపారు. 1806 జనవరి 9న లండన్‌లో అంత్యక్రియలు. శవపేటికను సెయింట్ పాల్ చర్చికి తీసుకెళ్లిన బండిని విక్టరీ ఆకారంలోనే చేశారు. ముందు ఓడ ముక్కు, వెనక ఓడ తోక, కింద నాలుగు చక్రాలు, లాగడానికి గుర్రాలు. ఇది చదివాక ‘అవుతాయి’ అన్నవాళ్లతో కూడా నాకు పేచీ లేదు.

మొదట అడిగినవారు: అసలు ఓడ ఏమైంది?

జవాబు: పోర్ట్స్‌మత్‌లో ఉంది. 1922 నుంచి నీళ్లు లేని డాక్‌లోనే. ఈమధ్య 134 ఉక్కు ఊతాలు పెట్టి నిలబెట్టారు. లెక్క ప్రకారం ఇప్పటికీ ఇంగ్లిషు నౌకాదళంలో ఉద్యోగంలో ఉన్నట్టే, రిటైర్మెంట్ ఇవ్వలేదు.

మీ బంధువు గురించి నిక్షేపంగా రాసుకోండి. కాకపోతే మాటల వరస మార్చి “బండ్లు ఓడలయ్యాయి” అని ఆ సగమే రాయండి. మొత్తం సామెత రాస్తే ఆయనకు “రేపు నీకూ ఉందిలే” అన్నట్టు వినిపిస్తుంది, పెద్దాయన కోపం బహుశా అందుకే.