వరల్డ్ సిరీస్ గెలవకపోతే టెడ్ విలియమ్స్ గొప్పవాడు కాడా?

అందరికీ నమస్కారం. మేము బోస్టన్‌లో ఉంటున్నాం. వచ్చే వారం మా అబ్బాయి బడిలో చర్చ ఉంది: టైటిల్ లేని ఆటగాణ్ణి మహా ఆటగాడు అనవచ్చా? వాడు ‘అనవచ్చు’ అనే పక్షాన, మా ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌కు ఆడిన టెడ్ విలియమ్స్ తరఫున మాట్లాడాలి. ఆయన వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్, ఎప్పుడూ గెలవలేదు.

1941 సీజన్ చివరి రోజు నాకెంతో ఇష్టం. అప్పటికి ఆయన బ్యాటింగ్ సగటు (బ్యాటింగుల్లో ఎన్నో వంతు హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరినవి, అన్న లెక్క) 0.39955. 0.400 అంటే గొప్ప మైలురాయి. ఆడకుండా కూర్చుంటే మూడు దశాంశాలకు సవరించి 0.400గానే నిలిచేది. ఆయన ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడారు. 8 బ్యాటింగుల్లో 6 హిట్లు, చివరికి సగటు 0.406! ఆ తర్వాత రెండు యుద్ధాలు ఆయన మంచి వయసును మింగేశాయి.

చిక్కంతా 1946 దగ్గరే. ఆయన ఆడిన ఏకైక వరల్డ్ సిరీస్ అది. 25 బ్యాటింగుల్లో 5 హిట్లే, అన్నీ సింగిల్సే (ఒక్క బేస్ మాత్రమే చేరినవి). ఏడో మ్యాచ్‌లో రెడ్ సాక్స్ ఓడిపోయింది. అంతకుముందే బంతి తగిలి మోచేయి వాచిందంటే సాకులా వినిపిస్తుందేమో.

చికాగో కబ్స్ జట్టు ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్ 2,528 మ్యాచ్‌లాడినా ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలు) గడప తొక్కలేదు, కానీ ఆయన విఫలం కాలేదు, అవకాశమే రాలేదు. విలియమ్స్‌కు వచ్చింది. తొమ్మిది మంది వంతులవారీగా బ్యాటింగ్ చేసే ఆటలో ఆ ఓటమి భారం ఒక్కరి మీద ఎంత వేయవచ్చు? బేస్‌బాల్ బాగా తెలిసినవారు దయచేసి చెప్పండి, 1946ను వాడు ఎలా ఎదుర్కోవాలి?