ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్లకు 25 మార్కులు ఉంచాలా, తీసేయాలా?

మూడోఏడు_ఈసీఈ:
ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో నాది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, 12 వారాల కోర్సు. ఇంట్లో చేసే అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని 25కి వేస్తారు. సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. నాకు అసైన్‌మెంట్లలో 25కి 25, పరీక్షలో 28. అక్కడ కనీసం 30 రావాలి కాబట్టి మొత్తం 53 ఉన్నా సర్టిఫికెట్ లేదు. వెయ్యి రూపాయల ఫీజూ పోయింది. దాపరికం దేనికి, గడువు రోజు రాత్రి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో జవాబులు పడేవి, ఏ బీ సీ డీలు నొక్కేసేవాణ్ణి. ఇలాంటి మార్కులు ఎందుకు? మొత్తం పరీక్షకే పెట్టాలి.

తణుకు_కుర్రోడు:
కాపీ కొట్టింది నువ్వు, తీసేయాల్సింది అందరికా? కన్వల్యూషన్ (రెండు సిగ్నళ్లను కలిపి మూడోది రాబట్టే) లెక్క ఒకటి నాకు నాలుగుసార్లు తప్పొచ్చింది. గ్రాఫ్ తిప్పి జరపాలని అప్పుడే బుర్రకెక్కింది. మార్కులు లేకపోతే నేనైతే ఆ పేజీ తెరిచేవాణ్ణే కాదు.

పల్లెటూరి_పిల్ల:
సెంటర్ మా ఊరికి 90 కిలోమీటర్లు. తెల్లారి నాలుగున్నర బస్సు, నాన్న తోడు. మొత్తం పరీక్షకే పెట్టాలన్నవాళ్లు ఆ బస్సెక్కి చూడండి. అలాగని కెమెరా పెట్టి ఇంట్లోనే రాయించమనను. మా కాలేజీ ఆన్‌లైన్ టెస్టులో నానమ్మ మంచినీళ్లు తెచ్చిందని నాకు వార్నింగ్ వచ్చింది.

చాక్‌పీస్:
నేను పాఠాలు చెప్పేవాణ్ణి. 2020లో ఇంటి నుంచి రాసి ఫొటోలు పంపమన్నాం. వేర్వేరు ఊళ్లలో ఉన్నామన్న ముగ్గురి పేపర్ల కింద ఒకే నీలం పూల దుప్పటి! నవ్వొచ్చింది, సున్నా వేయలేకపోయాను. ఒకణ్ణి ఫోన్లో 'ఈ రెండో లైను ఎలా వచ్చింది?' అని అడిగితే అరనిమిషంలో తేలిపోయింది. అసైన్‌మెంట్ ఉంచండి, కాలేజీలోనే ఐదు నిమిషాల వైవా కలపండి.

తణుకు_కుర్రోడు:
సార్, సెక్షన్‌కి 66 మంది. ఐదేసి నిమిషాలంటే అయిదున్నర గంటలు. ఎవరు చేస్తారు?

చాక్‌పీస్:
అందరినీ అక్కర్లేదు. ఎవరి పేరు పడుతుందో తెలియకుండా వారానికి ఆరుగురిని పిలిస్తే చాలు.

మూడోఏడు_ఈసీఈ:
అలా పిలిచి ఉంటే మొదటి వారమే దొరికిపోయేవాణ్ణి. సరే, తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ వైవా లేకుండా 25 ఎక్కువే, 10 చాలు. మళ్లీ రిజిస్టర్ చేశాను. తణుకు బ్రో, నీ నోట్సు ఫొటోలు పంపుతావా?

తణుకు_కుర్రోడు:
పంపను. గురువారం రాత్రి మీట్ లింకు పెట్టు, ఆ కన్వల్యూషన్ లెక్క నువ్వు చేస్తుంటే చూస్తా.