జెస్సీ ఒరోస్కో ఒక్క బ్యాటర్ కోసమే దిగిన మ్యాచ్‌లు ఎలా లెక్కపెట్టాలి?

అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు, 1,252, ఆడిన పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఒరోస్కో (1979–2003). ఎడమచేతి రిలీవర్, అంటే మ్యాచ్ మధ్యలో ఇంకో పిచర్ బదులు దిగేవాడు. 1986 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) చివరి ఔట్ తీసి గ్లవ్ గాల్లోకి విసిరేసింది ఆయనే. ఆయనంటే నాకు ప్రాణం. కెరీర్ చివర్లో చాలాసార్లు ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసమే దించేవారు. కనీసం ముగ్గురికి వేయాలన్న రూల్ 2020లో వచ్చింది కదా, అందుకే ఈ లెక్క తీయాలనిపించింది.

1999తో మొదలుపెట్టాను: 65 మ్యాచ్‌లు, 32 ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్ల చొప్పున 96 ఔట్లు, మ్యాచ్‌కి సుమారు ఒకటిన్నర. సగటుతో ఏమీ తేలలేదు. మూడు రాత్రులు కూర్చుని 0.1 ఇన్నింగ్ (అంటే ఒక్క ఔట్) ఉన్న మ్యాచ్‌లు ఏరాను. అదీ తప్పే! ఒకరికి వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చి ఇంకొకరిని ఔట్ చేసినా 0.1 అనే ఉంటుంది. ఒక్కరికే హిట్ ఇచ్చి వెళ్ళిపోతే 0.0.

ఆయన ఏ మ్యాచ్‌లో ఎంతమంది బ్యాటర్లకు వేశారో విడివిడిగా ఎక్కడ దొరుకుతుంది?