నాన్నకి స్మోల్డరింగ్ మైలోమా: ఇంజెక్షన్ ఇప్పుడే మొదలెట్టాలా, ఆగాలా?

ప్రశ్న (ఒంగోలు నుంచి):
నాన్నకి 63. మామూలు చెకప్‌లో టోటల్ ప్రొటీన్ ఎక్కువ వచ్చిందంటే తీగ లాగితే డొంక కదిలినట్టు బోన్ మ్యారో (ఎముక మజ్జ) టెస్టు దాకా వెళ్లింది. స్మోల్డరింగ్ మైలోమా అన్నారు, అంటే మజ్జలోని ప్లాస్మా సెల్స్ అనే కణాలకి వచ్చే మైలోమా క్యాన్సర్‌కి ముందు దశ, ఇంకా లక్షణాలేవీ ఉండవట. ఎం ప్రొటీన్ (ఆ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్) 2.6, మజ్జలో ప్లాస్మా సెల్స్ 24 శాతం, లైట్ చైన్ రేషియో (ఆ కణాలు వదిలే చిన్న ప్రొటీన్ ముక్కల నిష్పత్తి) 11. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), కాల్షియం నార్మల్, పెట్ సీటీలో ఎముకలు బాగానే ఉన్నాయి. మనిషి రోజూ పొద్దున్నే సైకిలేసుకుని వెళ్లి పాలు తెస్తున్నారు. ఒక డాక్టర్ గారు డారాటుముమాబ్ అనే ఇంజెక్షన్ మొదలెడదాం అంటున్నారు, ఇంకొకరు మూడు నెలలకోసారి చూద్దాం అంటున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు 1:
ముందు ఎంఆర్ఐ చేయించారా? పెట్ సీటీకి దొరకనివి దానిలో కనపడొచ్చు. మజ్జలో 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న మచ్చలు ఒకటికి మించి ఉంటే 2014 నుంచి దాన్ని స్మోల్డరింగ్ అనరు, అసలు మైలోమాగానే చూస్తారు, అప్పుడు వైద్యం కూడా వేరు. అది తేలకుండా మిగతా చర్చ అనవసరం. స్మోల్డరింగే అని తేలితే మాత్రం మీ నాన్నగారిది హై రిస్కే: మజ్జలో 20 శాతం, ఎం ప్రొటీన్ 2, రేషియో 20, ఈ మూడింట్లో రెండు దాటితే రెండేళ్లలో సగానికి దగ్గరగా మైలోమాలోకి వెళ్తారు. ఈ ఇంజెక్షన్‌ని పరీక్షించిన అక్విలా ట్రయల్‌లో 390 మంది హై రిస్క్ వాళ్లని చూశారు. ఐదేళ్లకి జబ్బు ముదరకుండా ఉన్నది ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 63 శాతం, ఊరికే గమనించినవాళ్లలో 41 శాతం. నేనైతే ఇంజెక్షన్ వైపే ఉంటాను, కానీ ఏ మందూ లేకుండా ఐదేళ్లు బాగున్న ఆ నూటికి 41 మందిని కూడా మర్చిపోకండి, రెండో డాక్టర్ గారి మాట ఊరికే అన్నది కాదు.

జవాబు 2:
అమ్మ రెండేళ్ల నుంచి అదే ఇంజెక్షన్ మీద ఉంది. పొట్ట చర్మం కింద మూడు నుంచి ఐదు నిమిషాలు మెల్లగా ఎక్కిస్తారు, మొదటి రెండు నెలలు వారం వారం, తర్వాత నాలుగు నెలలు రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి, మొత్తం మూడేళ్లు. మొదలెట్టే ముందు హెపటైటిస్ బి టెస్టు, బ్లడ్ గ్రూప్ యాంటీబాడీ టెస్టు చేయించుకోండి, తర్వాత రక్తం ఎక్కించాల్సి వస్తే ఈ మందు వల్ల క్రాస్ మ్యాచింగ్‌లో (ఎక్కించే రక్తం సరిపోతుందో లేదో చూసే టెస్టు) తికమక అవుతుంది. ఇంకొకటి, మోకాళ్ల నొప్పులకి అమ్మ మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని మింగేది, మేం కనిపెట్టేసరికి క్రియాటినిన్ 1.9, కిడ్నీ దెబ్బతింటోందన్నమాట. నాన్నగారికి అలాంటి మాత్రలు ఒక్కటి కూడా వద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఎంఆర్ఐ ఎవరూ చెప్పలేదండీ. సోమవారం అడుగుతాను. నడుం నొప్పికి ఆయన చొక్కా జేబులో మాత్రలు ఉంచుకుంటారు, ఇప్పుడే తీసి పారేశాను.