అప్‌డేట్: మా టామీ మళ్లీ దొడ్డికి వెళ్తున్నాడండీ

పదమూడేళ్ల మా కుక్క టామీకి నాలుగు రోజులుగా విరేచనం లేదని, వెనక కాళ్లు జారిపోతున్నాయని ఇక్కడ అడిగాను కదా. విజయనగరం నుంచి గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో వెన్నుపూసల అరుగుదల కనిపించింది. నడుం నొప్పికి వంగి కూర్చోలేక ఆపుకుంటున్నాడట, లోపల మలం గట్టిపడిపోయింది. నాకైతే అంతవరకూ రెండూ వేరు వేరు జబ్బులనిపించాయి.

ఎనిమా ఇచ్చారు. మలం మెత్తబడటానికి లాక్టులోజ్ సిరప్ వాడి బరువును బట్టి రాశారు. ఎముకలు పూర్తిగా మానేశాం. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన తీపి గుమ్మడి రెండు చెంచాలు, అన్నంలో నీళ్లు ఎక్కువ.

అసలు మార్పు తెచ్చింది మాత్రం పాత తువ్వాలు. పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడుం బరువు నేను మోస్తాను. మూడో రోజు పొద్దున్న వేపచెట్టు కింద కాళ్లు వణుకుతూనే కూర్చున్నాడు, పనయ్యాక నా చెయ్యి నాకాడు. ఏడుపొచ్చేసింది.

గచ్చు మీద జారకుండా గోనెసంచులు పరిచాం. దయచేసి మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం కుక్కలకి వేయకండి, ప్రాణాలమీదకొస్తుంది.